పాత జిప్సీ, లక్షన్నర బడ్జెట్: ఏది ముందు, ఏది అసలు వద్దు

మీరు అడిగింది ఇదీ: 2004 మోడల్ మారుతి జిప్సీ కింగ్ కొన్నారు, మారేడుమిల్లి, పాడేరు వైపు మట్టి దారుల్లో, వాగుల్లో తిరగాలని ఆశ, చేతిలో లక్షన్నర ఉంది. ఫ్రెండ్స్ ఏమో మూడంగుళాల లిఫ్ట్ (బండిని అంత పైకి లేపడం), పెద్ద టైర్లు, ముందు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు, తాడు) పెట్టించెయ్యమంటున్నారు. వీటిలో ఏది ముందు చేయించాలి?

సూటిగా చెప్పేస్తాను. ఆ మూడింట్లో ఇప్పుడు మీకు పనికొచ్చేవి టైర్లొక్కటే, అవి కూడా మీ ఫ్రెండ్స్ చెప్తున్నంత పెద్దవి కాదు. లిఫ్ట్ వద్దు, వించ్ వద్దు. ఉన్న డబ్బులో దగ్గర దగ్గర సగం బండిని మళ్లీ కంపెనీ స్థితికి తేవడానికే పోతుంది. మిగిలినదాంట్లో ఐదు ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు, ఇరుక్కుంటే బయటికి లాగే సామాను, ఇరుసుల్లోకి నీళ్లు దూరకుండా రెండు బ్రీదర్ పైపులు, కింద ఒక ఇనప ప్లేటు. ఇంకా మిగిలితే ముట్టుకోకుండా దాచుకోండి.

నాది రాజమండ్రి. నేను మెకానిక్‌ని కాదు, కానీ పంతొమ్మిదేళ్లుగా జిప్సీలే నడుపుతున్నాను, ఇది రెండోది. మొదటిది కార్బురేటర్ బండి. దాని మీద నేను చేసిన తప్పులన్నీ కలిపితే ఇంకో జిప్సీ వచ్చేది, మా ఆవిడ ఇప్పటికీ ఆ లెక్క గుర్తుచేస్తుంది.

ముందు ఒక మాట. జిప్సీ బరువు టన్నుకి అటూ ఇటూగానే ఉంటుంది. కింద నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా కమాన్ పట్టీలు, ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే, నిజమైన లో గేరు ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు, నేల నుంచి 210 మిల్లీమీటర్ల క్లియరెన్స్. మీరు వెళ్లాలనుకుంటున్న దారులకి కంపెనీ ఇచ్చిందే చాలు. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి టూరిస్టుల్ని ఎక్కించుకెళ్లే పాత జీపులు ఎప్పుడైనా చూశారా? చాలావాటికి మామూలు టైర్లే, కొన్నిటికి సగం అరిగినవి. ఆ రాళ్ల దారిలో రోజుకి ఎన్ని ట్రిప్పులు వేస్తారో. డ్రైవర్ ఏ రాయి మీద ఏ చక్రం పెడుతున్నాడో ఒక్కసారి గమనించండి, లిఫ్ట్ కిట్ మీద మోజు సగం తగ్గిపోతుంది.

సరే, పనిలోకి వద్దాం. అసలు మీ బండికి నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా? నవ్వకండి. నా మొదటి జిప్సీ కొన్న నెలకి గోదావరి లంకలో ఇసుకలో దిగాను. లివర్ 4L (ఫోర్ వీల్, లో గేరు) దాకా వేశాను, డాష్‌బోర్డులో లైటు కూడా వెలిగింది, వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుంటున్నాయి, ముందు చక్రాలు మాత్రం పెళ్లికొచ్చిన చుట్టాల్లా కదలకుండా కూర్చున్నాయి. తర్వాత తెలిసింది, ముందు హబ్‌లు, అంటే ముందు చక్రాల్ని ఇరుసుకి కలిపే తాళాలు, లాక్ కావడం లేదు. వాటిని నడిపించే గాలి పైపు ఎండకి పగిలిపోయింది. ముక్క పైపు, నలభై రూపాయలు. దానికోసం ట్రాక్టరు పిలిపించి పదిహేను వందలిచ్చాను.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. హబ్‌లు లాక్ చేసి, ఫోర్ వీల్ వేసి, మట్టిలో ఒక నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపి, గట్టి నేల మీదికి తెచ్చి, ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్లో వదిలెయ్యండి. వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇప్పుడు ముందు ఒక్క చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. కాస్త ఆట తప్ప తిరగకూడదు. హాయిగా గిర్రున తిరిగిందంటే రెండు హబ్‌లలో ఏదో ఒకటి పట్టడం లేదు. గమనించండి, మీరు తిప్పుతున్న చక్రం వైపుదే చెడిందని కాదు, అవతలిది వదిలేసినా ఇది తిరుగుతుంది. మీది గాలి పైపుతో పనిచేసే రకమైతే ఇంకేం ఆలోచించకుండా చేత్తో తిప్పి లాక్ చేసే మాన్యువల్ హబ్‌లు వేయించెయ్యండి. బురదలో దిగి చేత్తో తిప్పుకోవాలి, నిజమే. కానీ తిప్పితే పడింది అని తెలుస్తుంది.

తర్వాత ఆయిల్స్. ఇంజన్ ఒక్కటే కాదు, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియల్ హౌసింగులు (ఇరుసుల మధ్యలో ఉండే గుండ్లు), అన్నీ ఒకేరోజు దింపించండి, దింపుతున్నప్పుడు మీరు అక్కడే ఉండండి. మెకానిక్ గారు "అన్నీ బానే ఉన్నాయి సార్" అంటే కుదరదు, కళ్లతో చూడాలి. నల్లగా ఉంటే మామూలే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దూరాయి. డ్రెయిన్ ప్లగ్గుకి అంటుకున్నది వేళ్ల మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉంటే అరుగుదల, భయం లేదు. గోరు ముక్కల్లాంటివి తగిలితే పళ్లు విరుగుతున్నాయన్నమాట, ఆ హౌసింగ్ విప్పాల్సిందే. నా రెండో జిప్సీకి వెనక హౌసింగులో అలాంటి ముక్క ఒకటి దొరికింది, అమ్మినవాడు "నిన్నే సర్వీసు చేయించాను" అని చెప్పి అమ్మాడు.

ఆ పైన ముందు నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు) సీళ్లు, దాని కింగ్ పిన్ బేరింగులు. వేగం 60 దాటాక ఒక గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లో గజగజా వణికితే చాలామంది వీల్ బ్యాలెన్సింగ్ చేయించి ఊరుకుంటారు, పాత జిప్సీల్లో చాలాసార్లు అసలు కారణం కింగ్ పిన్నులే. చక్రం వెనకాల ఉండే గుండు చుట్టూ గ్రీజూ ఆయిలూ కలిసి కారుతుంటే సీళ్లు పోయాయి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు మౌంటులు, కమాన్ పట్టీల బుష్‌లు, బ్రేకు పైపులు, రేడియేటర్, పెట్రోలు గొట్టాలు. ఇవన్నీ బోరు పనులు, ఫోటో తీసి పెట్టుకునేవి కావు. నాకు విడిభాగాలూ కూలీ కలిపి 58 వేలైంది, ఎక్కువ సామాను విజయవాడ ఆటోనగర్లో తెచ్చుకున్నాను. మీరు హైదరాబాద్ వైపైతే రాణిగంజ్ ఉంది. రబ్బరు సామాను, సీళ్లు, బేరింగులు కొత్తవే కొనండి. ఇనప సామాను, అంటే హౌసింగ్, డోర్లు, బ్రాకెట్ల లాంటివి సెకండ్ హ్యాండ్ తీసుకున్నా నష్టం లేదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది తుప్పు. వెనక కమాన్ షాకిల్ (పట్టీ చివర్న ఊగే లింకు) ఛాసిస్‌కి తగులుకునే చోట, బాడీ మౌంటుల కింద, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. టంగుమంటే సరే. లోపలికి దిగితే మాత్రం టైర్ల సంగతి మర్చిపోయి డబ్బంతా ముందు అక్కడ పెట్టండి. బయట కొట్టిన నల్ల రంగు చూసి మోసపోవద్దు, అమ్మేముందు అందరూ కొట్టించేదే అది.

ఇప్పుడు టైర్లు. జిప్సీ కింగ్‌కి కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. మీ ఫ్రెండ్స్ చెప్పే 235/75 ఆర్15 సుమారు 733. దాదాపు పది శాతం పెద్దది. ఎత్తు పెరిగిన 65లో సగమే, అంటే 32 మిల్లీమీటర్లే కింద క్లియరెన్సుగా దక్కుతుంది. దానికి మీరు చెల్లించేది ఏంటంటే, ప్రతి గేరూ పది శాతం బరువెక్కుతుంది, ఘాట్‌లో సెకండ్లో లాగేది ఫస్ట్ అడుగుతుంది, బ్రేకు కూడా ఆ మేరకు తగ్గుతుంది, మీటరు 60 చూపిస్తుంటే మీరు 66లో పోతుంటారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే రాసుకుంటుంది, అప్పుడు లిఫ్ట్ కావాలంటారు. అలా ఒకదానికొకటి తగులుకుంటూ పోతుంది.

నేను వాడేది 215/75 ఆర్15 ఏటీ. 703 మిల్లీమీటర్ల ఎత్తు, తేడా ఐదు శాతం, నా బండికి లిఫ్ట్ లేకుండా ఎక్కడా రాసుకోలేదు. అసలు కారణం వేరే ఉంది: ఇది బొలెరో సైజు. పాడేరులోనో రంపచోడవరంలోనో టైరు చీలిపోతే బొలెరో టైరు ఎక్కడైనా దొరుకుతుంది. ఐదు కొనండి, నాలుగు కాదు. స్టెప్నీ చిన్న సైజుదైతే ఫోర్ వీల్‌లో నడిపినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. మడ్ టెర్రెయిన్ టైర్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ మీ బండి నూటికి ఎనభై పాళ్లు తారు రోడ్డు మీదే నడుస్తుంది. రోడ్డు మీద హోరు, వానలో జారుడు. ఇక నల్లరేగడిలో వాన పడ్డాక ఏ టైరైనా ఒకటే, గాడుల్లోకి మట్టి గారెల పిండిలా పట్టేసి నున్నగా తయారవుతుంది. అలాంటి రోజు ఆ పొలం దారికి వెళ్లకపోవడమే మంచిది.

గాలి తగ్గించడం అనేది పైసా ఖర్చు లేని మోడిఫికేషన్. నేను రోడ్డు మీద 26 పీఎస్ఐ పెడతాను, రాళ్లూ మట్టీ ఉన్నచోట 18, ఇసుకలో 15. పన్నెండు కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. ఒకసారి లంకలో నాకంటే ఖరీదైన కొత్త ఫోర్ బై ఫోర్ ఒకటి ఇరుక్కుంది, ఓనరు గారూ ముగ్గురు కుర్రాళ్లూ గంటసేపు పారలతో తవ్వారు. వెళ్లి నాలుగు టైర్లలో గాలి 15కి తీశాం. సెకండ్ గేర్లో తనంతట తనే ఎక్కి వచ్చేసింది. మళ్లీ నింపుకోవడానికి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, మూడు వేలలోపు వస్తుంది. లైటర్ సాకెట్‌కి పెట్టే బొమ్మలాంటివి కొనొద్దు, నాలుగో టైరు దగ్గరికి వచ్చేసరికి కాలిపోతాయి.

బయటికి లాగే సామాను గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మనుషులకి దెబ్బలు తగుల్తాయి. జిప్సీకి ముందున్న చిన్న కొక్కేలు, బంపరు, టో బాల్, వీటికి తాడు కట్టి గుంజకూడదు. నా మొదటి బండికి ఒక వర్క్‌షాపులో ముందు కొక్కెం వెల్డింగ్ పెట్టించాను. చూడ్డానికి దిట్టంగా ఉంది. ఒక ఫ్రెండ్ బండిని లాగుతుంటే వెల్డింగ్ ఊడి, ఆ కొక్కెం తాడుతో సహా ఎగిరొచ్చి అతని ముందద్దంలోంచి దూసుకెళ్లి వెనక సీటు దిండులో దిగబడింది. ఆ సీటులో ఆ రోజు ఎవరూ లేరు. లోపల చూస్తే వెల్డింగ్ పైపైనే పట్టింది, ఇనుము లోపలికి దిగనే లేదు. అప్పటి నుంచి ఛాసిస్ కమ్మీకి రెండువైపులా ప్లేటు వేసి హై టెన్సైల్ బోల్టులతో బిగించిన హుక్కులే నమ్ముతాను. ముందు రెండు, వెనక ఒకటి. దానికి తోడు నైలాన్‌తో చేసిన సాగే బెల్టు, లోడు రేటింగ్ అచ్చు వేసి ఉన్న బో షాకిల్స్ (బెల్టుని హుక్కుకి తగిలించే ఇనప కొండీలు, కమాన్ షాకిల్ వేరు) రెండు. 19 మిల్లీమీటర్లదైతే 4.75 టన్నులు అని దాని మీదే ఉంటుంది, అది లేని షాకిల్ ఎంత లావుగా ఉన్నా కొనొద్దు. లాగేటప్పుడు బెల్టు మధ్యలో తడిపిన గోనెసంచో పాత దుప్పటో వేయండి, తెగితే ఎగరకుండా కిందికి పడుతుంది. జనాన్ని బెల్టు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబెట్టండి. వీడియో తీసే కుర్రాళ్లని మరీ ముఖ్యంగా. వీటితోపాటు పొట్టి పిడి పార ఒకటి, జాకీ కింద పెట్టడానికి అడుగున్నర చదరం టేకు చెక్క ఒకటి. ఆ చెక్క లేకపోతే జాకీ బండిని లేపదు, తనే భూమిలోకి పోతుంది.

ఇదంతా ఉన్నాక వించ్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని ఖరీదు, మౌంటింగ్, కొత్త బ్యాటరీ కలిపితే మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది, గట్టిగా లాగేటప్పుడు వందల యాంపియర్లు తాగుతుంది, పాత ఆల్టర్నేటర్ దానికి సరిపోదు. పైగా జిప్సీ ముక్కు మీద నలభై కిలోలు పెడితే ముందు కమాన్లు కుంగుతాయి. వించ్ కంటే ముందు కావాల్సింది రెండో బండి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లొద్దు. నాకు వించ్ లేదు. లేదని ఇన్నేళ్లలో నిజంగా బాధపడింది రెండుసార్లే, ఆ రెండుసార్లూ ఒక్కణ్నే వెళ్లాను.

లిఫ్ట్ గురించి చాలామంది గమనించని సంగతి. లిఫ్ట్ చేస్తే బాడీ, ఛాసిస్ లేస్తాయి, డిఫరెన్షియల్ హౌసింగ్ లేవదు. రాయికి ముందు తగిలేది ఆ డిఫరెన్షియల్ గుండే. దాన్ని లేపగలిగింది టైరు మాత్రమే. ఇక చవక లిఫ్ట్ అంటే కమాన్లకి పొడుగు షాకిల్స్ వేయడం. రెండంగుళాలు పొడుగు వేస్తే లేచేది అంగుళమే, పైగా ముందు ఇరుసు వాలు మారి కాస్టర్ (స్టీరింగ్‌ని సూటిగా నిలిపే కోణం) తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ నిలవక బండి అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకొందరు కమాన్లని ఇరుసు కింద నుంచి పైకి మార్పిస్తారు, దాంతో ఐదంగుళాల దాకా లేస్తుంది. మా బృందంలో ఒకాయన అలాగే చేయించాడు, ఫోటోలకి అద్భుతంగా ఉంది. మూడు నెలల్లో ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు రెండుసార్లు పోయాయి, స్టీరింగ్ రాడ్ కోణం కుదరక గుంత పడ్డప్పుడల్లా బండి తనే తిరిగేది. చివరికి మళ్లీ పాతదానికే మార్పించాడు, రెండు కూలీలు. మీ కమాన్లు కుంగిపోయి ఉంటే వాటిని కొత్తవి వేయించండి లేదా కమాన్ల షాపులో వంపు తిప్పించండి, మంచి షాక్ అబ్జార్బర్లు వేయించండి. పోయిన ఎత్తు అంగుళం, అంగుళంన్నర దానంతటదే వెనక్కొస్తుంది.

ఇక బ్రీదర్ పైపులు. రూపాయికి రూపాయి లెక్కేస్తే వీటిని మించింది లేదు. హౌసింగు మీద గాలి వదలడానికి చిన్న ముక్కు ఉంటుంది. గంటసేపు నడిచి వేడెక్కిన హౌసింగు ఒక్కసారి వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ ముక్కులోంచీ సీళ్లలోంచీ నీళ్లు పీల్చేస్తుంది. మారేడుమిల్లి దగ్గర మోకాలి లోతు వాగు ఒకటి హాయిగా దాటి ఫోటోలు దిగి ఇంటికొచ్చాను, నెలన్నర తర్వాత వెనక నుంచి ఊళ పెట్టడం మొదలైంది. విప్పితే ఆ పాల టీ. క్రౌన్ పినియన్, బేరింగులు అన్నీ కలిపి పదిహేడు వేలు. ఆ ముక్కులకి పెట్రోలు గొట్టం తగిలించి ఇంజన్ గది పైదాకా తెచ్చి కట్టేస్తే అయిపోయేది, మూడొందల రూపాయల పని. ఎలాగైనా వాగు దాటాక ఆయిల్ రంగు చూడండి, బయటికి రాగానే బ్రేకు మెల్లగా తొక్కి పట్టి కొంచెం దూరం నడపండి, వెనక డ్రమ్ములు ఆరాలి. కాలితో నడిచి లోతు చూడని నీళ్లలోకి బండి దింపొద్దు. స్నార్కెల్ (ఇంజన్ గాలిని పైనుంచి పీల్చే గొట్టం) ఇప్పుడే వద్దు, ఇంజన్ గాలి పీల్చే చోటుదాకా నీళ్లొచ్చే వాగులోకి మీరు వెళ్లనే కూడదు.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే చెప్పింది. ముందు పెట్టే ఇనప బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకి రాసింది. నేను వేసిన టైరు సైజు కూడా ఈ లెక్కలో అడగదగినదే, ఆ సంగతి తెలిసే మీరు నిర్ణయం తీసుకోండి, వద్దనుకుంటే 205/70లోనే ఏటీ వెతుక్కోండి. మీది 2004 బండి కాబట్టి పదిహేనేళ్లు దాటింది, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. లిఫ్ట్ చేసిన బండితో ఆ రోజు ఆర్టీవో ఆఫీసులో పడే టెన్షన్ వేరే. కొనేముందు ఆర్సీ ఎప్పటిదాకా ఉందో చూశారా? ఇంకోటి, రిజర్వ్ ఫారెస్టులో దారి కనిపించింది కదా అని దూరకండి, కేసవుతుంది. పాపికొండలు జాతీయ పార్కు, అక్కడ అసలే కుదరదు. ఊరి దారులు, లంకలు, అడిగితే ఒప్పుకునే పొలాలు, మనకి అవే బోలెడు.

డబ్బు ఇలా పంచితే సరిపోతుంది: రిపేర్లకి అరవై డెబ్బై వేలు, టైర్లకి ముప్పై అయిదు నలభై, హుక్కులూ బెల్టూ షాకిల్సూ కంప్రెసరూ కలిపి పదిహేను, ట్రాన్స్‌ఫర్ కేసు కింద ఐదు మిల్లీమీటర్ల ప్లేటుకి ఆరేడు వేలు. మిగిలిందాన్ని ముట్టుకోకండి, మొదటి రెండు ట్రిప్పుల్లో బండి తనకేం కావాలో తనే అడుగుతుంది.

ఈ ఆదివారం ఆ హబ్ పరీక్ష చేసి, ఐదు ఆయిల్స్ ఏ రంగులో ఉన్నాయో రాయండి. వెనక కమాన్ షాకిల్ దగ్గర ఛాసిస్ ఫోటో కూడా పెట్టండి, వైరు బ్రష్షుతో రుద్దాక తీసింది. అక్కడ తుప్పు తినేసి ఉంటే పైన వేసిన లెక్కంతా మళ్లీ వెయ్యాలి.